మోచేత్తో లాగే మీట

ఎమ్మెట్ ట్రౌట్‌వైన్ నిచ్చెన మీద మూడో మెట్టు దాటడం ఒహాయో రాష్ట్రం డేటన్ ఊళ్ళో ఎవరూ చూడలేదు. చూరు అంచున వాననీటి కాలవల్లో ఆకులు పేరుకుంటే ఆయన కింద నిలబడి నిచ్చెన పట్టుకునేవాడు, భార్య లియోటా గౌను నడుముకి దోపుకుని పైకెక్కి శుభ్రం చేసేది. పక్కింటివాళ్ళు నవ్వితే, "మా ఇంట్లో బరువు పనులన్నీ నావే, ఎత్తు పనులన్నీ ఆవిడవే" అనేవాడు ఏ మాత్రం సిగ్గుపడకుండా.

అలాంటి మనిషి చేసే ఉద్యోగం ఏమిటయ్యా అంటే, నాలుగు మైళ్ళ ఎత్తులో ఎగిరే సైన్యం విమానాల్లోంచి నేలని ఫొటోలు తీసే కెమెరాలకి మీటలూ, చక్రాలూ, బిగింపులూ తయారుచెయ్యడం.

అంతకుముందు పదిహేడేళ్ళు ఆయన దుకాణాల్లో వాడే గల్లాపెట్టె యంత్రాల ఫ్యాక్టరీలో పనిచేశాడు. మీట నొక్కగానే పైన గాజు కిటికీలోకి అంకె రేకు టక్కున లేవడం, గంట మోగడం, సొరుగు తెరుచుకోవడం, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి తప్పకుండా జరిగేలా చూడటమే ఆయన పని. పెద్ద యుద్ధం అయిపోయాక నది పక్కనున్న విమానాల మైదానం వాళ్ళు ఫొటోల వర్క్‌షాపుకి మెకానిక్‌లు కావాలంటే వెళ్ళి చేరాడు. అక్కడ కెమెరా ఒక్కొక్కటీ అరవై పౌన్ల బరువు. లోపల జానెడు వెడల్పు ఫిల్ము చుట్ట, ఒక్కో చుట్ట మీద వంద ఫొటోలు. దాన్ని చూసిన మొదటిరోజే ఎమ్మెట్ ఇంటికొచ్చి, "లియోటా, గల్లాపెట్టెకి కన్ను మొలిచినట్టుందే" అన్నాడు.

ఆయనకి బొమ్మ గీయడం రాదు. మనసులో ఏదైనా తడితే బట్టల సబ్బు ముద్ద తీసుకుని చాకుతో చెక్కేవాడు. వర్క్‌షాపు అధికారి కెప్టెన్ థేయర్ పెద్ద కాలేజీలో ఇంజినీరింగు చదివినవాడు, పద్ధతి మనిషి.

"ట్రౌట్‌వైన్, నాకిది కాగితం మీద కావాలయ్యా."

"కాగితం మీద చక్రం తిప్పితే తిరగదు కదండీ."

కెప్టెన్ నిట్టూర్చి ఆ సబ్బుముక్కలకే చీటీలు కట్టి బీరువాలో పెట్టించేవాడు. ఒక చలికాలం ఎలుకలు దూరి రెండు గేర్లూ ఒక షట్టర్ మీటా తినేశాయి. "మీ డిజైన్లు ఎలుకలకి బాగా నచ్చినట్టున్నాయి" అని కెప్టెన్ ముఖం కదపకుండా అన్నాడు. అంతకుమించిన హాస్యం ఆయన దగ్గర ఎప్పుడూ ఎవరూ వినలేదు.

వెయ్యిన్నీ తొమ్మిదివందల ఇరవై అయిదు వసంతంలో సార్జెంట్ రస్క్‌తో తంటా మొదలైంది.

ఓడెల్ రస్క్ కెంటకీ కొండల్లోంచి వచ్చినవాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, చేతులు రెండూ రెండు పారలు. విమానంలో వెనక సీట్లో కూర్చుని ఫొటోలు తీసేది అతనే. ఒకరోజు పొద్దున్న కెమెరాని చంటిపిల్లలా రెండు చేతుల్లో ఎత్తుకొచ్చి, ఎమ్మెట్ బల్ల మీద ధన్‌మని పడేశాడు.

"ఇదిగో, నీ సుపుత్రుడు. ఇరవై నాలుగు వేల అడుగుల మీద మొండికేశాడు. ఫిల్ము చుట్టే పిడి తిప్పితే ససేమిరా తిరగనన్నాడు."

ఎమ్మెట్ పిడి పట్టుకుని తిప్పాడు. వెన్నలా తిరిగింది.

"తిరుగుతోంది కదయ్యా?"

"ఇక్కడ తిరుగుతుంది! ఇక్కడ మా అమ్మమ్మ కూడా గిరగిర తిరుగుతుంది! పైన తిరగాలి పెద్దాయనా, పైన!"

ఎమ్మెట్ దాన్ని విప్పి, ప్రతి పళ్ళచక్రాన్నీ తుడిచి, మంచి గ్రీజు దట్టించి, బల్ల మీదే వెయ్యిసార్లు తిప్పి చూసి పంపించాడు. నాలుగో రోజుకి అది మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. ఈసారి రస్క్ ముక్కు చలికి కమిలి టమాటాలా ఉంది.

"ఇంకా బాగా బిగుసుకుంది. ఏం రాశావు దానికి, బంకా?"

"పైన ఎంత చలి ఉంటుందేమిటి?"

"మొన్న నా కన్నీళ్ళు కళ్ళజోడు లోపల గడ్డకట్టాయి. నువ్వొకసారి పైకొచ్చి చూడు, తెలుస్తుంది."

పైకి రావడం అనే మాట వినగానే ఎమ్మెట్ ముఖం పాలిపోయింది. "పైకెందుకు, చలే కదా కావాల్సింది" అని గొణిగి టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

ఊళ్ళో గాంట్జ్ అనే ఆసామికి ఐస్‌క్రీం కార్ఖానా ఉంది. చేసిన సరుకు గట్టిపడటానికి అక్కడొక గది ఉంది. అందులో చలి సున్నాకి పదిహేను డిగ్రీలు కింద. ఎమ్మెట్ వెళ్ళి బతిమాలుకుని, స్ట్రాబెరీ డబ్బాలకీ వెనిలా డబ్బాలకీ మధ్య చిన్న బల్ల వేసుకున్నాడు. రస్క్ దగ్గర అరువు తెచ్చుకున్న గొర్రెతోలు కోటు వేసుకుని, పావుగంట లోపల, పావుగంట బయట కూర్చుంటూ పనిచేశాడు. కోటు మోకాళ్ళ కిందికి దిగింది. కార్ఖానా ఆడవాళ్ళు ఆయన్ని చూసి, "గాంట్జ్ గారూ, లోపలికి ఎలుగుబంటి దూరిందండోయ్" అని రోజూ అరిచేవారు.

రెండో రోజుకే దొంగ దొరికాడు. గ్రీజు. తను ప్రేమగా దట్టించిన గ్రీజే ఆ చలికి కొవ్వొత్తి మైనంలా బిగుసుకుపోయింది. ఎమ్మెట్ తలపట్టుకుని, తర్వాత తనలో తనే నవ్వుకున్నాడు. అంతా పెట్రోలుతో కడిగేసి, పెన్సిళ్ళలో ఉండే నల్లగుండ మెత్తగా నూరి పళ్ళచక్రాలకి పొడిగా అద్దాడు. ఐస్‌క్రీం గదిలో రాత్రంతా ఉంచేసిన కెమెరా పొద్దున్నే వేలితో తోస్తే తిరిగింది.

ఈ లోపల లియోటా చెవిన వేరే కబురు పడింది. చర్చిలో ఎవరో, "మీ ఆయన రోజూ ఐస్‌క్రీం కార్ఖానాలో కనపడుతున్నాడే" అన్నారట. ఆరోజు ఇంటికి రాగానే ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"డాక్టరు తీపి తగ్గించమని చెప్పింది ఎవరికి? నాకా?"

"ఒట్టు, లియోటా, ఒక్క చెంచా కూడా ముట్టలేదు."

"మరి ముక్కు మీద ఆ మచ్చేమిటి? చాక్లెట్ కాదూ?"

"పెన్సిలు గుండ."

ఆవిడ వేలితో తుడిచి, నాలిక మీద పెట్టుకుని చూసి, ముఖం వికారంగా పెట్టింది. ఆ తర్వాతే నమ్మింది.

కెమెరా పైకి వెళ్ళింది. ఈసారి పిడి చక్కగా తిరిగింది. కానీ ఫిల్ము కడిగి చూస్తే మొదటి ఇరవై ఫొటోలే బాగున్నాయి. తర్వాత ఒకదాని మీద ఒకటి అయిదారు పడ్డవి కొన్ని, ఏమీ పడని ఖాళీవి కొన్ని, మధ్యలో చినిగిన ముక్క ఒకటి.

కెప్టెన్ థేయర్ ఇద్దర్నీ గదికి పిలిచాడు. "చలిగదిలో అంత బాగా పనిచేసింది కదా. అయితే లోపం యంత్రంలో లేదు. సార్జెంట్, నువ్వేం చేశావు?"

"అన్నీ వరసగానే చేశాను సార్. పిడితో ఫిల్ము నాలుగు చుట్లు తిప్పాను, షట్టర్ స్ప్రింగు ఎక్కించాను, నొక్కాను. తిప్పాను, ఎక్కించాను, నొక్కాను. రాసుకున్నాను కూడా." పుస్తకం తీసి చూపించాడు.

కెప్టెన్ పేజీలు తిప్పి పక్కన పెట్టాడు. ఎమ్మెట్ దాన్ని తీసుకుని చూశాడు. మొదటి పేజీలో అక్షరాలు బడిపిల్ల రాసినట్టు ముత్యాల్లా ఉన్నాయి. మూడో పేజీలో కొండ దిగుతున్నట్టు వాలిపోయాయి. అయిదో పేజీలో పెద్ద పెద్ద అక్షరాలు పేజీ దాటి బయటికి పోయాయి: "నేను బ్రహ్మాండంగా ఉన్నాను".

బయటికొచ్చాక ఎమ్మెట్ మెల్లిగా అడిగాడు. "ఓడెల్, పైన నీకు తల తిరుగుతుందా?"

రస్క్ అటూ ఇటూ చూశాడు. "ఎవరితోనైనా అన్నావో, నీ కెమెరాలో నిన్నే చుట్టేస్తాను. గాలి పల్చగా ఉంటుందయ్యా అక్కడ. సీసాలోంచి గొట్టంతో ఆక్సిజన్ పీలుస్తూనే ఉంటాను, అయినా ఒక్కోసారి... పెళ్ళివిందులో నాలుగు గ్లాసులు పడ్డట్టు ఉంటుంది. ఏదో ఆనందంగా ఉంటుంది. అన్నీ సవ్యంగా చేస్తున్నాననే అనిపిస్తుంది. ఇది తెలిస్తే నన్ను దించేస్తారు. ఎగరడం తప్ప నాకింకేం రాదు."

మర్నాడు కెప్టెన్ సంగతి తేల్చేశాడు. "రస్క్ స్థానంలో ఇంకొకణ్ణి చూస్తున్నాను."

ఎమ్మెట్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "ఎవర్ని పంపినా ఇంతేనండీ. తప్పు మనిషిది కాదు. నేను చేసిన సామానుకి మూడు పనులున్నాయి, అవి వరస తప్పకూడదు. ఆ ఎత్తులో మూడు గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు."

"నీకెలా తెలుసు? నువ్వెప్పుడైనా పైకెళ్ళావా?"

ఎమ్మెట్ నోట్లోంచి వచ్చిన మాట విని అందరికంటే ముందు ఆశ్చర్యపోయింది ఆయనే. "వెళ్తానండీ. ఆ కెమెరాతోనే వెళ్తాను. చేసినవాణ్ణి నేనే, నాకంటే బాగా ఎవరికి వచ్చు? నావల్లే కాకపోతే, సార్జెంట్ తప్పు కాదని మీరు ఒప్పుకోవాలి."

కెప్టెన్ సరేనన్నాడు.

వెళ్ళే రోజు లియోటా వేయించిన కోడిమాంసం పెట్టింది. ఆయన ముట్టుకోలేదు. ఆవిడ మెడకి మఫ్లరు చుడుతూ, "కిందికి చూడకు. చూసినా నేనక్కడ లేననుకో. ఉన్నాననుకుంటే నీకు కంగారెక్కువవుతుంది" అంది. ఒక ముడి చాలేచోట మాత్రం రెండు ముళ్ళు వేసింది.

విమానం రెక్క పక్కనున్న చిన్న మెట్టు దగ్గర ఎమ్మెట్ ఆగిపోయాడు. రస్క్ వెనకనుంచి వచ్చి కోటు కాలరు పట్టుకుని, పిల్లికూనని ఎత్తినట్టు ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. "నోట్లో గొట్టం తియ్యకు. ఏదైనా తేడాగా ఉంటే ముందు సీట్లో లెఫ్టినెంట్ గారి భుజం తట్టు. పాటలు మాత్రం పాడకు."

"పాటలెందుకు పాడతాను?"

"పాడతావు" అన్నాడు రస్క్.

నడిపేది కాటరెల్ అనే కుర్ర లెఫ్టినెంటు. పైకెక్కడానికి గంటా పది నిమిషాలు పట్టింది. మొదటి అరగంటా ఎమ్మెట్ కళ్ళు మూసుకుని, తెలిసిన ప్రార్థనలన్నీ చెప్పుకున్నాడు. అయిపోతే మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాడు. చలి గొర్రెతోలులోంచి కూడా సూదుల్లా దిగింది. పదహారువేల అడుగుల దగ్గర ఎందుకో కళ్ళు తెరిచాడు. ఊరి పక్కన పారే మయామీ నది వెండిజరీ అంచులా మెలికలు తిరిగి పడుంది. పొలాలు గళ్ళ దుప్పటి. భయం వేస్తుందేమోనని ఎదురుచూశాడు. వెయ్యలేదు! కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఇంతకాలం నిచ్చెనకి భయపడ్డానా అనుకుని, కింద ఉన్న ఒహాయో రాష్ట్రం మొత్తానికి చెయ్యి ఊపాడు.

లెఫ్టినెంటు చెయ్యెత్తి సైగచేశాడు. ఎమ్మెట్ పని మొదలుపెట్టాడు. ప్రతి ఫొటోకీ పుస్తకంలో గీత పెట్టాడు. నలభై రెండు గీతలు. దిగేటప్పుడు గొట్టం నోట్లోంచి తీసి, ఏదో పాట గొంతెత్తి పాడాడని లెఫ్టినెంటు తర్వాత చెప్పాడు. ఇంజను హోరులో మాట వినపడకపోయినా, గడ్డం ఊగడం వెనక్కి తిరిగి చూశాడట.

దిగాక ఎమ్మెట్ కెప్టెన్ ముందుకి ఛాతీ విరుచుకుని వెళ్ళాడు. "నలభై రెండండీ. ఒక్కటి కూడా తప్పలేదు." రస్క్ నేల వంక చూశాడు. తన కథ ముగిసిపోయిందనుకున్నాడు పాపం.

ఫిల్ము కడిగాక చీకటిగదిలోంచి కెప్టెన్ బయటికొచ్చాడు. చేతిలో పొడవాటి ఫిల్ము, మొదటినుంచి చివరిదాకా గాజులా ఖాళీ. మొదట్లో ఒకే ఒక్క చోట బొగ్గులా నల్లటి చదరం.

"ట్రౌట్‌వైన్, నలభై రెండు ఫొటోలూ తీశావు. నిజమే. అన్నీ ఒకదాని మీదే తీశావు. ఒక్కసారి కూడా ఫిల్ము తిప్పలేదు నువ్వు."

ఎమ్మెట్ ఆ చదరం వంక చూశాడు, పుస్తకంలో గీతల వంక చూశాడు. నలభై రెండో గీత పక్కన తన దస్తూరీతోనే "నాకంటే మొనగాడు లేడు" అని రాసి ఉంది. ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత పగలబడి నవ్వాడు. రస్క్ నవ్వాడు. ఆఖరికి కెప్టెన్ థేయర్ కూడా గోడకి చేరగిలబడి, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"సార్జెంట్ తన సీట్లోనే ఉంటాడు. నీకు ఆరు వారాలు. తాగినవాడు కూడా తప్పు చెయ్యలేని సామాను కావాలి నాకు."

ఎమ్మెట్ ప్రయోగశాల వంటింట్లోకి మారింది. సబ్బుతోనూ చెక్కతోనూ నమూనాలు చెయ్యడం, రస్క్ తొడుక్కునే బొచ్చు చేతితొడుగులు లియోటాకి తొడిగి, వంటింటి మధ్యలో పదిసార్లు గిరగిరా తిప్పి, "ఇప్పుడు ఫొటో తియ్యి" అనడం. ఆవిడ తూలుతూ వచ్చి పిడికి బదులు కాఫీ కూజా పట్టుకునేది. ఒకరోజు రెండు పళ్ళేలు పగిలాయి.

"ఎవరైనా కిటికీలోంచి చూస్తే నన్ను పిచ్చాసుపత్రిలో చేరుస్తారు ఎమ్మెట్!"

"ఈ మీట ఎందుకు పట్టుకోలేకపోయావు, అది చెప్పు."

"ఈ తొడుగులతో ఏం పట్టుకోను నా మొహం! వేళ్ళున్నాయో లేవో కూడా తెలియట్లేదు. అయినా చేతులే ఎందుకు? రెండు చేతుల్లోనూ పళ్ళేలుంటే వంటింటి తలుపు నేను దేంతో తెరుస్తాను?"

ఎమ్మెట్ కదలకుండా నిలబడిపోయాడు. "దేంతో?"

"మోచేత్తో. ఇరవై ఏళ్ళనుంచి చూస్తూ కూడా ఎప్పుడూ చూడలేదన్నమాట."

ఆయన భార్య బుగ్గ మీద ముద్దుపెట్టి, సబ్బుముక్క కోసం పరిగెత్తాడు.

ఆరో వారానికి అది తయారైంది. కెమెరా పక్కన మూరెడు పొడవున్న ఒకే మీట, చివర తోలుతో మెత్తచేసిన కప్పు. మోచెయ్యి అందులో పెట్టి ముందుకి తోస్తే ఫిల్ము తిరిగి షట్టర్ ఎక్కుతుంది. వెనక్కి లాగితే ఫొటో పడుతుంది. పూర్తిగా తొయ్యకుండా వెనక్కి లాగుదామంటే లోపలి పళ్ళచక్రం ఒప్పుకోదు, సగంలో ఆగితే అక్కడే పట్టి ఉంచుతుంది. అంటే వరస తప్పడమనేది లేదు. పైన చిన్న కిటికీలోకి ఎన్నో ఫొటోనో చెప్పే అంకె రేకు టక్కున లేస్తుంది, అచ్చం గల్లాపెట్టెలో లేచినట్టు.

రస్క్ దాన్ని నాలుగుసార్లు ఆడించి చూశాడు. "బాగానే ఉంది గానీ, ఇరవై నాలుగువేల అడుగుల మీద నేనెవరికి బఠాణీలు అమ్మాలి?"

"దేవదూతలకి" అన్నాడు ఎమ్మెట్.

జూన్‌లో ఒక సోమవారం రస్క్ దాంతో పైకెళ్ళాడు. వంద ఫొటోలు తీసుకుని దిగాడు. పుస్తకంలో ఆఖరి పేజీ అంతా పిచ్చిగీతలే, అందులో ఒకచోట ఆవుబొమ్మ కూడా ఉంది. ఫిల్ము మీద మాత్రం వంద చదరాలు వంద చోట్ల, గీసినట్టు వరసగా, స్పష్టంగా ఉన్నాయి. కెప్టెన్ ఒక్కొక్కటీ భూతద్దంతో చూసి, ఎమ్మెట్‌తో చెయ్యి కలిపాడు. కలిపిన చెయ్యి చాలాసేపు వదల్లేదు.

ఊరి ఫొటో నకలొకటి ఎమ్మెట్ ఇంటికి తెచ్చాడు. లియోటా భూతద్దం పట్టుకుని, చర్చి వెతికి, గాంట్జ్ కార్ఖానా వెతికి, తమ వీధి దొరకబుచ్చుకుంది. "ఎమ్మెట్! మన పెరట్లో ఈ తెల్లటి రవ్వలేమిటి?" అని, ఒక్క నిమిషం ఆలోచించి నోటిమీద చెయ్యి వేసుకుంది. "అయ్యో దేవుడా. అవి నేను ఆరేసిన దుప్పట్లు! సైన్యం మొత్తం చూస్తుందని తెలిస్తే, కనీసం మంచివి ఆరేద్దును."

ఆ మీటకి కాగితాల్లో పేరు లేదు, ఒక నంబరు మాత్రం ఉంది. డ్రాయింగు గీయమని కెప్టెన్ పట్టుబడితే, గౌన్లు కుట్టడానికి వాడే పల్చటి కాగితం మీద లియోటాయే కొలతలు పెట్టి గీసిచ్చింది. ఆ కాగితం చూసి నక్షాలు గీసే గుమాస్తా, "ఇది విమానానికా, రవికకా?" అని అడిగాడట. మైదానంలో వాళ్ళు మాత్రం దాన్ని నంబరుతో పిలవలేదు. "లియోటాని బిగించారా?" అనేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో పెద్ద కంపెనీ పేరనుకునేవాళ్ళు.

ఎమ్మెట్ ఆ వర్క్‌షాపులో ఇంకా ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. అద్దాలు మంచుపట్టకుండా ఇంజను వేడిగాలిని తెచ్చే గొట్టాలు చేశాడు, కుదుపు తగలకుండా రబ్బరు ఊయలలు చేశాడు. ఏ కొత్త సామాను చేసినా ముందు గాంట్జ్ గదిలో పెట్టేవాడు, తర్వాత వంటింట్లో లియోటాని గిరగిరా తిప్పేవాడు. మళ్ళీ మాత్రం విమానం ఎక్కలేదు. ఎవరైనా అడిగితే, "పైన నేను మరీ మొనగాణ్ణయిపోతాను, మా ఆవిడ భరించలేదు" అనేవాడు.

రస్క్ ఆ వేసవినుంచి ఆదివారాలు వాళ్ళింట్లోనే భోంచేసేవాడు. రెండేళ్ళ తర్వాత గాంట్జ్ కార్ఖానాలో ఎలుగుబంటి అని అరిచిన వాళ్ళలో ఒకావిణ్ణి, మార్సెలీన్‌ని, పెళ్ళిచేసుకుని ఆవిణ్ణి కూడా తీసుకొచ్చేవాడు. బల్ల దగ్గర మగవాళ్ళిద్దరికీ ఎప్పుడూ ఒకటే తగువు. మీట ఇంకో అంగుళం పొడవుండాల్సింది అని అతను, నీ చెయ్యే ఒక అంగుళం పొట్టిగా ఉండాల్సింది అని ఈయన. ఆడవాళ్ళిద్దరూ వాళ్ళని అలాగే వదిలేసి, చెర్రీపళ్ళు పెట్టి కాల్చిన తీపిరొట్టె కోసుకుని, అవతల వరండాలో కూర్చుని తినేవాళ్ళు.